ఆ ఒక్క వాక్యం రాయించండి

వేదిక మీది పెద్దలకు, సచివాలయ సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు నమస్కారం. జూన్ 15, వృద్ధులపై వేధింపుల అవగాహన దినం. శాలువాలు చివర్లో కప్పుకుందాం.

ఒకటో తారీఖున 4,000 పింఛను పట్టుకుని ఇంటికి వెళ్ళేది మీరే. వేలిముద్ర ముసలామెది, డబ్బు అందుకునేది కొడుకు. అది మీకు కనిపిస్తుంది. నడుము కింద పుండ్లు ఆశాకు తెలుసు. రాత్రి అరుపులు పక్కింటికి తెలుసు. ఈ మూడూ ఒకచోట చేరవు, అదీ తంటా. డబ్బు ఆమె చేతిలోనే పెట్టండి. కోడలి ఎదుట "ఎట్టుండావమ్మా" అంటే "బాగుండానయ్యా" అనే అంటుంది. పక్కకు పిలిచి అడగండి. అనుమానం వస్తే మహిళా పోలీసుకు, ఏఎన్‌ఎంకు ఆ పూటే చెప్పండి. దెబ్బలుంటే 112, ఆసుపత్రి. సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

అన్నీ దుర్మార్గాలే అనుకోవద్దు. కూలికి పోయే కోడలు మంచంలోని మనిషిని గంటగంటకూ పక్కకు తిప్పలేదు. అక్కడ కావలసింది సాయం, కేసు కాదు.

బువ్వ పెట్టకపోతే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో గారి ట్రిబ్యునల్‌లో అర్జీ వేయొచ్చు. మన వాళ్ళకు కావలిలోనే. నడవలేని వాళ్ళ తరఫున వాళ్ళు ఒప్పుకున్న మనిషైనా, సంస్థైనా వేయొచ్చు. 90 రోజుల్లో తేల్చాలి, కానీ ఆ లెక్క నోటీసు అందాకే మొదలవుతుంది. హైదరాబాదులో ఉండే కొడుకు అడ్రసు సరిగా లేక నోటీసు తిరిగొస్తే అంతా అక్కడే ఆగుతుంది. అడ్రసులు కనుక్కోవడం సచివాలయం చేయగల పని.

ఇక దస్తావేజుల సంగతి. ఇది చెప్పకుండా దిగను. చూసుకుంటారనే నమ్మకంతో ఇల్లూ పొలమూ రాసిచ్చేస్తారు. "ప్రేమాభిమానాలతో" అని రాసి రైటరు ముగిస్తాడు. పోషణ మాటే ఉండదు! అదే చట్టం 23వ సెక్షన్ కింద దస్తావేజు రద్దు కావాలంటే పోషించాలనే షరతు ఉందని చూపాలి, 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో అదే కోర్టు ఇంకో కేసులో పెద్దల వైపు మొగ్గింది, నిజమే. అక్కడ కాగితం మీద షరతు ఉంది మరి.

రైటర్లు ఎవరైనా వచ్చారా? వెనక ఉన్నా సరే, రాసుకోండి: "దాత జీవితాంతం తిండి, బట్ట, వైద్యం, నివాసం గ్రహీత చూడవలెను, చూడనిచో ఈ దస్తావేజు రద్దగును." రిజిస్ట్రేషన్‌కు ముందు దాన్ని ఆ పెద్దామెకు గట్టిగా చదివి వినిపించండి, కొడుకును బయట కూర్చోబెట్టి.