3ఎక్స్‌ఎల్ ఎప్పుడూ పై ర్యాకులోనే ఎందుకు?

(స్టూడియో చర్చలోని ముఖ్యభాగం. పాల్గొన్నవారు: లేడీస్ టైలరింగ్ మాస్టర్, రెడీమేడ్ షాపు యజమాని, హార్మోన్ల జబ్బులు చూసే డాక్టర్ (ఎండోక్రైనాలజిస్టు), డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే లెక్చరర్.)

యాంకర్: నమస్కారం. పండగ బట్టల సీజన్ మొదలైంది. లావుగా ఉన్నవాళ్ళకి షాపింగ్ అంటేనే టెన్షన్. నచ్చింది పట్టదు, పట్టింది నచ్చదు. మేడం, మీతోనే మొదలుపెడదాం. షాపులో అసలు ఏం జరుగుతుంది?

లెక్చరర్: లోపల అడుగుపెట్టగానే సేల్స్ అమ్మాయి మన మొహం చూడదు, నడుము చూస్తుంది. నోరు తెరవకముందే "మీ సైజు లేదు మేడం" అంటుంది. మొన్న నేను వెళ్ళింది మా మేనకోడలికి కొనడానికి. అది ఎం సైజు పిల్ల!

(నవ్వులు)

షాపు యజమాని: అది తప్పే మేడం. మా పిల్లలకి చెప్తూనే ఉంటాం.

లెక్చరర్: సైజు ఉన్నా కింద ఉండదండీ. "పైన స్టాకులో ఉంది, తెప్పిస్తా" అంటారు. పదిహేను నిమిషాల తర్వాత దుమ్ము దులుపుకుంటూ రెండు కుర్తీలు వస్తాయి. ఆ రెండిట్లోనే ఏదో ఒకటి ఏరుకోవాలి.

షాపు యజమాని: నేను వ్యాపారం లెక్క చెప్తాను, వేరేగా అనుకోవద్దు. హోల్‌సేల్‌లో కుర్తీలు సెట్టుగా వస్తాయి. ఎం, ఎల్, ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్ కలిపి ఒక డిజైన్. విడిగా ఇవ్వమంటే ఇవ్వరు. 3ఎక్స్‌ఎల్ నుంచి వేరే సెట్టు, వేరే రేటు, డిజైన్లూ తక్కువ. మిగిలిపోతే నా డబ్బు ఇరుక్కుపోతుంది.

లెక్చరర్: పైన మూటగట్టి పెట్టి, అమ్ముడుపోవట్లేదంటే ఎలా సార్? గిరాకీ లేదని తేల్చేముందు సరుకు కంటికి కనపడాలి కదా. బొమ్మలకి కూడా ఒక్కదానికి పొట్ట ఉండదు మీ షాపుల్లో.

యాంకర్: గిరాకీ అంటే గుర్తొచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 25, అంతకు మించి ఉన్నవాళ్ళు దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3. ఇంతమంది ఉండగా సరుకు పై అంతస్తులోనా?

డాక్టర్: ఒక్క నిమిషం. బీఎంఐ 25 అంటే 3ఎక్స్‌ఎల్ అని కాదు. అయిదడుగుల రెండంగుళాల ఆవిడ 62 కిలోలు దాటితే 25 వచ్చేస్తుంది. ఆవిడకి ఎల్ సైజో ఎక్స్‌ఎల్లో సరిపోవచ్చు.

షాపు యజమాని: హమ్మయ్య, నేనూ అదే చెప్పబోతున్నా.

డాక్టర్: మీ తరఫున మాట్లాడట్లేదు లెండి.

(నవ్వులు)

యాంకర్: మాస్టర్ గారూ, సైజు దొరికినా సరిగ్గా కూర్చోదని చాలామంది అంటారు. ఎందుకని?

మాస్టర్: దోషం చంక దగ్గరుంటుందమ్మా. ఎం సైజు ప్యాటర్న్ ఒకటి బాగా తయారుచేస్తారు. దాన్నే అన్ని వైపులా సాగదీసుకుంటూ పోతారు. ఛాతీ 38 ఉన్నావిడకీ 46 ఉన్నావిడకీ ఎనిమిది అంగుళాల తేడా, నిజమే. కానీ భుజం అంత పెరగదు కదా, ఎముక ఎముకే. అర అంగుళమో, ఇంకాస్తో. రెడీమేడ్‌లో రెండు అంగుళాలు పెంచేస్తారు. భుజం జారుతుంది, మెడ వెడల్పైపోతుంది, దండచెయ్యి దగ్గర మాత్రం పట్టేస్తుంది. బస్సులో కడ్డీ పట్టుకోడానికి చెయ్యెత్తితే కుర్తీ మొత్తం పైకి లేస్తుంది. ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని "నేను లావు, నాకేదీ బాగోదు" అనుకుంటారు. బాగోలేనిది కటింగమ్మా!

లెక్చరర్: అందుకే చెయ్యి పట్టేలా రెండు సైజులు పెద్దది కొని, పక్కలు కుట్టించుకుంటాం.

మాస్టర్: పక్కలు కుడితే సరిపోదు. చేతులు విప్పి, భుజం తగ్గించి, మళ్ళీ ఎక్కించాలి. దానికంటే కొత్తది కుట్టడం తేలిక.

యాంకర్: పెద్ద సైజులకి రేటు ఎక్కువ తీసుకుంటారని కూడా ఫిర్యాదు.

మాస్టర్: అందులో సగం గుడ్డ లెక్క. 44 అంగుళాల పన్నా, అంటే గుడ్డ వెడల్పు, తీసుకోండి. స్ట్రెయిట్ కట్ కుర్తీ, సైజు 38. ముందు ముక్క 19, కుట్లకి రెండు కలిపితే 21. వెనక ముక్కా అంతే. రెండూ పక్కపక్కనే 42లో వచ్చేస్తాయి. అదే 46 అయితే ఒక్కో ముక్క 25. రెండూ కలిపి 50, పన్నాలో పట్టవు. ఒకదాని కింద ఒకటి వెయ్యాలి, అంటే పొడవు రెండింతలు. మిగిలిన పక్క గుడ్డలో చేతులు తీస్తాం, అయినా గుడ్డ ఎక్కువే పడుతుంది.

లెక్చరర్: ఒప్పుకున్నాను. మరి ఎస్ సైజుకి రేటు తగ్గించరేం?

(కాసేపు నిశ్శబ్దం, తర్వాత నవ్వులు)

షాపు యజమాని: అదీ... ఎస్ నుంచి డబుల్ ఎక్స్‌ఎల్ దాకా ఒకటే రేటు మేడం.

లెక్చరర్: అంటే అక్కడిదాకా తేడా మీరు సర్దుకుంటారు. దాటితే మేం కట్టాలి. ఇంకో మాట, ఇది మాస్టర్ గారికి. కొలతలు తీసేటప్పుడు అలా గట్టిగా అరవాలా? "ఛాతీ నలభై ఆరు, నడుము నలభై నాలుగు" అని! బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళ దాకా వినపడుతుంది.

మాస్టర్: రాసే కుర్రాడికి వినపడొద్దా అమ్మా?

లెక్చరర్: మీరే రాసుకోవచ్చుగా.

మాస్టర్: ... రాసుకోవచ్చు.

యాంకర్: మన దేశానికంటూ సొంత సైజు చార్టు చాలాకాలం లేదు కదా. అమెరికా, బ్రిటన్ చార్టుల్ని సవరించుకుని వాడుతూ వచ్చారు. అందుకే ఫ్యాషన్ చదువులు చెప్పే జాతీయ సంస్థ నిఫ్ట్, 'ఇండియా సైజ్' ప్రాజెక్టు చేపట్టింది. హైదరాబాద్‌తో కలిపి ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ల వయసున్న 25 వేల మంది కొలతలు 3డి స్కానర్లతో తీసే పథకం. 2016లో లాక్మే ఫ్యాషన్ వీక్‌లో పెద్ద సైజు మోడళ్ళు ర్యాంపు మీద నడిచారు కూడా.

లెక్చరర్: నడిస్తే సంతోషం. ఆ బట్టలు మా వీధి షాపు దాకా కూడా నడిచి రావాలి.

యాంకర్: డాక్టర్ గారూ, సూటిగా అడుగుతాను. "లావుగా ఉన్నా బాగున్నావు" అని చెప్పడం వల్ల జనం ఆరోగ్యం పట్టించుకోకుండా పోతారా?

డాక్టర్: లావు వల్ల వచ్చే షుగర్, బీపీ, మోకాళ్ళ నొప్పులు నిజం. మనవాళ్ళకి బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్త మొదలవ్వాలి, ఆడవాళ్ళ నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు అంటాం. అందులో నేను తగ్గను. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్ళని చూడండి. వాకింగ్ చెయ్యమంటాను. ట్రాక్ ప్యాంటు సైజు దొరకదు, సరైన స్పోర్ట్స్ బ్రా దొరకదు. చీరలో నడిస్తే తొడలు ఒరుసుకుని మంట. వారంలో మానేస్తారు. "కాస్త తగ్గాక కొనుక్కుంటాను డాక్టర్" అంటారు. తగ్గడానికేనమ్మా ఆ బట్టలు! తిట్టి పంపితే ఇంకో నష్టం, మళ్ళీ రారు. షుగర్ ముదిరాక వస్తారు.

లెక్చరర్: డాక్టర్ల దగ్గర కూడా అంతే లెండి. జలుబని వెళ్ళినా ముందు బరువు మాటే.

డాక్టర్: కాదనను. మా దగ్గర సైజు సమస్య ఇంకోటుంది. బీపీ చూసే పట్టీ. లావు చేతికి మామూలు పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ వేరే ఉంటుంది. చాలా క్లినిక్కుల్లో అది బీరువాలో ఉంటుంది, మీ 3ఎక్స్‌ఎల్ లాగే.

యాంకర్: రాజమండ్రి నుంచి ఒకావిడ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. నాకూ జాకెట్టుకి మగ్గం వర్కు చేయించుకోవాలని ఉంది. మా ఆడపడుచు ఏమో "ఆ ఒంటికి మగ్గం వర్కెందుకు వదినా, ఉన్న డబ్బులు పిల్లకి పెట్టు" అంటోంది. పైగా పెళ్ళినాటికి ఒళ్ళు పెరుగుతానో తగ్గుతానో తెలీదు. ఇప్పుడు కుట్టిస్తే అప్పటికి పడుతుందా?

మాస్టర్: పడేలా కుట్టొచ్చమ్మా. వర్కు వాళ్ళకి గుడ్డ ఇచ్చేముందే లైనింగ్ గుడ్డతో ఒక శాంపుల్ జాకెట్టు కుట్టించుకుని వేసుకుని చూడండి. కొలత అక్కడే తేలిపోవాలి. తర్వాత గుడ్డ మీద గీసేటప్పుడు పక్క కుట్టుకి అటూ ఇటూ అంగుళంన్నర దాకా వర్కు రాకుండా చూడమనండి. చేతులక్కూడా అంతే, చేతి కింద కుట్టు దగ్గర పూసలు ఆపెయ్యాలి. పూసల మీద మిషన్ నడవదు, సూది విరుగుతుంది. లోపల రెండంగుళాల మార్జిన్ వదిలితే విప్పుకోవచ్చు, పట్టుకోవచ్చు. మీ కొలతలు చెప్పండి, గుడ్డ ఎంత కావాలో చెప్తాను.

కాలర్: టీవీలోనా మాస్టారూ?

(నవ్వులు)

లెక్చరర్: మీ ఇష్టమండీ. నాది ఇందాకే అందరూ విన్నారు.

కాలర్: సరే. ఛాతీ నలభై నాలుగు. దండచెయ్యి పదహారున్నర. మోచేతి దాకా చేతులు కావాలి.

మాస్టర్: చీరతో వచ్చే 80 సెంటీమీటర్ల ముక్క చాలదమ్మా. మీటరుంపావు తీసుకోండి. వర్కు వాళ్ళకి సంక్రాంతి లోపే ఇచ్చెయ్యండి, మాఘం ముహూర్తాలు మొదలైతే ఎవరూ దొరకరు.