ముందు ఎర్త్ చూడండి: ఆటోనగర్ ఎలక్ట్రీషియన్‌తో ముచ్చట్లు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో బండి లైట్లు, ఫ్యూజులు, బ్యాటరీ గురించి మాట్లాడుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి కార్లకు, లారీలకు వైరింగ్ చేస్తున్న పెద్దాయన మనతో ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు. షాపులో కుర్రాళ్లంతా బాబాయ్ అంటారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. బాబాయ్, మీ దగ్గరకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఏమిటి?

బాబాయ్: "ఫ్యూజు మాటిమాటికీ పోతోంది, కాస్త పెద్దది వేయండి" అంటారమ్మా. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

వ్యాఖ్యాత: పది ఆంపియర్లది ఆగకపోతే పదిహేను వేస్తే తప్పేమిటి?

బాబాయ్: ఫ్యూజు పెట్టింది బల్బు కోసమని అందరూ అనుకుంటారు. నిజానికి అది కాపాడేది వైరును. ఆ వైరు ఎంత కరెంటు వరకు వేడెక్కకుండా మోయగలదో లెక్కగట్టి, ఆ హద్దు దాటకముందే తెగిపోయే ఫ్యూజు పెడతారు కంపెనీవాళ్లు. నువ్వు పది తీసి ఇరవై పెట్టావనుకో, వైరు మాత్రం పాతదే కదా! ఈసారి ముందు కాలేది వైరు. పైతొడుగు కరిగి పక్క వైరుకు అంటుకుంటుంది. డాష్‌బోర్డు వెనక జరిగితే కంటికి కనపడదు, వాసనే వస్తుంది. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టినవాళ్లను చూశాను, రాగి తీగ ముక్క దోపినవాళ్లనూ చూశాను. అప్పుడిక ఆ బండిలో ఫ్యూజు లేనట్టే.

వ్యాఖ్యాత: ఇంట్లో మనమే మార్చుకోవాలంటే ఏది ఎన్ని ఆంపియర్లదో ఎలా తెలుస్తుంది?

బాబాయ్: రంగే చెబుతుంది. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ముదురు గోధుమ ఏడున్నర, లేత గోధుమ 5, రంగు లేకుండా తెల్లగా ఉండేది 25. నెత్తిమీద అంకె కూడా వేసి ఉంటుంది. ఎరుపు పోతే ఎరుపే వెయ్యి, అంతే. సాధారణంగా రెండు పెట్టెలుంటాయి. ఒకటి బానెట్ కింద బ్యాటరీ పక్కన, ఇంకొకటి స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర. మూత తిప్పి చూస్తే ఏ ఫ్యూజు దేనిదో బొమ్మ ఉంటుంది. చాలా బళ్లలో చిన్న ప్లాస్టిక్ పట్టకారు కూడా అక్కడే ఇరికించి ఉంటుంది. తాళం తిప్పి ఇగ్నిషన్ ఆపేసి, ఆ పట్టకారుతో లాగి, వెలుతురుకు పెట్టి చూడు. మధ్యలో సన్నని తీగ తెగి ఉంటే పోయినట్టు.

వ్యాఖ్యాత: కొత్తది వేయగానే అదీ పోతే?

బాబాయ్: అప్పుడు ఆగిపోవాలి. డబ్బాలో ఉన్న ఫ్యూజులన్నీ వరసగా కాల్చుకుంటూ పోవడం ఏం తెలివి? మా దగ్గర ఒక పద్ధతుంది, చెబుతాను విను. ఆ మధ్య ఒక చిన్న కారు వచ్చింది. పార్కింగ్ లైట్ల ఫ్యూజు పోతోంది. అదీ రోజూ కాదు, డిక్కీలో సామాను వేసినప్పుడే అంటాడాయన. ముందు ఆ లైనులో బల్బులన్నీ తీసేశాను. ఫ్యూజు కాళ్లు దూరే రెండు సందుల్లో, ఫ్యూజుకు బదులు 21 వాట్ల బ్రేకు బల్బు వైర్లు గుచ్చాను. లైటు స్విచ్ వేశాను. బల్బులు తీసేశాం కాబట్టి కరెంటుకు దారి ఉండకూడదు. అయినా నా బల్బు నిండుగా వెలిగిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతున్నట్టు. పైగా ఆ బల్బు ఉన్నంతసేపు రెండు ఆంపియర్లు కూడా దాటదు కాబట్టి ఎంతసేపు వెతికినా వైరు కాలదు.

వ్యాఖ్యాత: ఆ కారులో వెలిగిందా?

బాబాయ్: వెలగలేదు. కుర్రాడిని డిక్కీ తలుపు మెల్లగా ఎత్తమన్నాను. సగం దాకా లేచిందో లేదో, ఫ్యూజు చోట పెట్టిన నా బల్బు భగ్గుమంది. దించితే ఆరింది. తలుపు మడత బందు దగ్గర వైర్లు పోయే రబ్బరు గొట్టం ఉంటుంది చూడు, దాన్ని వెనక్కి లాగితే నంబరు ప్లేటు లైటు వైరు తొడుగు చిట్లి, లోపలి రాగి తీగ బాడీ రేకుకు రాసుకుంటోంది. తలుపు తెరిచి మూసినప్పుడల్లా అక్కడ వైరు వంగుతుంది. ఏళ్లు గడిస్తే తెగడమో చిట్లడమో ఖాయం. మీటరు కూడా లేకుండా దొరికింది. పాత బల్బు, జానెడు వైరు, అంతే ఖర్చు.

వ్యాఖ్యాత: సరే, ఇప్పుడు వెనక లైట్ల సంగతి. మా చెల్లెలి కారులో ఎడమ ఇండికేటర్ వేస్తే పక్కనున్న ఎర్ర లైటు కూడా దానితో పాటు మినుకుమంటోంది. బల్బు మార్చినా అంతే.

బాబాయ్: ఎర్త్ పోయిందమ్మా. బల్బుకు కరెంటు రావడం ఎంత ముఖ్యమో, తిరిగి పోవడం అంత ముఖ్యం. తిరిగిపోయే దారి బాడీ రేకు, దాన్నే ఎర్త్ అంటాం. లైటు దగ్గర నుంచి ఒక వైరు, చాలా బళ్లలో నల్లది, రేకుకు బోల్టుతో బిగించి ఉంటుంది. అక్కడ తుప్పు పట్టిందంటే ఇండికేటర్ కరెంటుకు దారి దొరకదు. అది పక్క బల్బు ఫిలమెంటులోంచి దూరి ఇంకో వైపు నుంచి పోతుంది. అందుకే అది కూడా మినుకుమంటుంది. బ్రేకు తొక్కితే వెనక లైటు మసకబారినా జబ్బు ఇదే. ఒక వైరు ముక్క తీసుకుని, ఒక కొస లైటు ఎర్త్‌కు, ఇంకో కొస బాడీలో రంగు లేని శుభ్రమైన రేకుకు ఆనించి చూడు. లైట్లు సరిగ్గా వెలిగితే బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వ్యాసిలీన్ రాయి. బల్బులు, స్విచ్‌లు, రిలేలు అన్నీ మార్చేశాక మా దగ్గరకు వచ్చే బళ్లలో చాలావాటికి చివరకు చేసేది ఈ పనే. అందుకే కుర్రాళ్లకు మొదట నేర్పేది ఎర్త్ చూడమని.

వ్యాఖ్యాత: ఇండికేటర్ మామూలు కంటే వేగంగా కొట్టుకుంటే?

బాబాయ్: ఆ వైపు ముందుదో వెనకదో ఒక బల్బు పోయింది. లోడు తగ్గితే, లైటును మినుకుమనిపించే ఫ్లాషర్ వేగం పెంచి నీకు చెబుతోంది. మామూలు బల్బు తీసి ఎల్‌ఈడీ వేసినా అంతే, అది తాగే కరెంటు తక్కువ కాబట్టి.

వ్యాఖ్యాత: ఎల్‌ఈడీ అన్నారు కాబట్టి హెడ్‌లైట్లకు వద్దాం. వెలుతురు చాలడం లేదని 100 వాట్ల బల్బులు వేయించుకుంటారు కదా.

బాబాయ్: కంపెనీ నుంచి వచ్చే హెచ్4 రకం హాలోజెన్ బల్బు హై బీమ్ 60 వాట్లు, లో బీమ్ 55. అరవై వాట్లంటే 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. వంద వాట్లంటే ఎనిమిది దాటుతుంది. కరెంటు ఒకటిన్నర రెట్లు పెరిగితే వైరులో వేడి రెండింతలు దాటుతుంది. ఇక్కడైతే దాదాపు మూడింతలు. ముందు హోల్డర్ కరుగుతుంది, తర్వాత బల్బు వెనకుండే రిఫ్లెక్టర్ మెరుగు కాలి నల్లబడుతుంది, డిమ్-డిప్ స్విచ్ కూడా పోతుంది. వెలుతురు పెంచబోయి ఉన్న రిఫ్లెక్టర్ పాడుచేసుకుంటారు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు! ముందు అద్దం చూసుకోండి. పసుపుపచ్చగా మసకబారిన ప్లాస్టిక్ అద్దాన్ని పాలిష్ చేయిస్తే పాత బల్బుతోనే దారి కనపడుతుంది. హాలోజెన్ బల్బు మార్చేటప్పుడు గాజును వేళ్లతో తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది.

వ్యాఖ్యాత: రాత్రి హైవే మీద ఎదురుగా వచ్చే తెల్లటి లైట్లు కళ్లు పొడిచేస్తున్నాయి. అది వాట్లు ఎక్కువయ్యా?

బాబాయ్: వాట్లే కారణం కాదు. హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో బజారు ఎల్‌ఈడీ బల్బు దోపితే, వెలుగు పుట్టే చోటు మారిపోతుంది. వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో పడుతుంది. నీకు తెల్లగా, గొప్పగా కనపడుతుందే గానీ దూరం పోదు. చదునైన చోట గోడకు ఐదు మీటర్ల దూరంలో బండి ఆపి లో బీమ్ వేసి చూడు. వెలుగు పై అంచు గీత గీసినట్టుండాలి, దీపం ఎత్తు కంటే ఐదారు సెంటీమీటర్లు కిందికి ఉండాలి. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఆ గీత ఎడమ వైపు కాస్త పైకి లేస్తుంది. అటు రోడ్డు అంచు, నడిచేవాళ్లు కనపడాలని. కుడి వైపు లేచిందంటే ఆ లైటు మన రోడ్లది కాదు.

వ్యాఖ్యాత: స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. అది దీనికేనా?

బాబాయ్: దీనికే! అయిదేళ్లు కారు నడిపి కూడా దాన్ని ముట్టనివాళ్లు ఉన్నారు. పెళ్లికి వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను వేసుకుని బయలుదేరితే బండి ముక్కు పైకి లేస్తుంది. లో బీమ్ వేసినా ఎదుటివాడికి హై బీమే. ఆ చక్రం తిప్పితే లైటు కిందికి దిగుతుంది.

వ్యాఖ్యాత: బైకు మీద పోతుంటే ఎదురుగా వచ్చేవాళ్లు గుప్పిట మూస్తూ తెరుస్తూ "లైటు వెలుగుతోంది" అని సైగ చేయడం ఈమధ్య తగ్గింది.

బాబాయ్: 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు ఇంజన్ నడుస్తున్నంతసేపు హెడ్‌లైట్ వెలిగే ఉండాలని నిబంధన వచ్చింది కదా. మొదట్లో స్విచ్ పెట్టించండని మా దగ్గరకు వచ్చేవాళ్లు. పెట్టనని పంపేసేవాడిని.

వ్యాఖ్యాత: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు సింగ్ నగర్ వైపు బళ్లన్నీ మునిగాయి. ఆ బళ్లు ఇంకా వస్తున్నాయా?

బాబాయ్: చాలాకాలం వచ్చాయమ్మా. నీళ్లు తీసినంత మాత్రాన అయిపోలేదు. వైర్లను కలిపే కప్లర్లలో మిగిలిన తేమకు రాగి పిన్నులు పచ్చబడతాయి. బండి బాగానే ఉందనుకున్న నెలల తర్వాత పవర్ విండో ఆగుతుంది, హారన్ దానంతట అదే మోగుతుంది. మునిగిన బండికి తాళం తిప్పకూడదు. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి, లాక్కుపోయి షాపులో పెట్టాలి. కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి బిగించాలి. విసుగు పని. ఒక్క కప్లర్ వదిలేసినా అదే మళ్లీ పిలుస్తుంది.

వ్యాఖ్యాత: బ్యాటరీ ఆరోగ్యం ఇంట్లో తెలుసుకోవచ్చా?

బాబాయ్: చవక మీటరు ఒకటి కొనుక్కో. రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 అంటే దాదాపు ఖాళీ. ఇంజన్ వేశాక పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర మధ్య ఉండాలి. పెరగకపోతే డైనమో ఛార్జి చేయడం లేదు, కొత్త బ్యాటరీ కొన్నా దండగే. పదిహేను దాటితే బ్యాటరీ ఉడికిపోతుంది. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పడితే వంట సోడా కలిపిన వేడినీళ్లు పోసి బ్రష్‌తో రుద్దు. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉండాలి. టెర్మినల్ విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్ విప్పుతుంటే పానా జారి బాడీకి తగిలినా నిప్పురవ్వ రాకూడదని.

వ్యాఖ్యాత: పక్క బండి నుంచి వైర్లు వేసి స్టార్ట్ చేసేటప్పుడు?

బాబాయ్: ఎర్ర వైరు ముందు: చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచిదాని పాజిటివ్‌కు. నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కు. చివరి కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి కాదు, ఆ బండి ఇంజన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. చివరి కొస తగిలేటప్పుడు రవ్వ వస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది. ఇంకో మాట, లారీది 24 వోల్టుల లైను. పక్కనే లారీ ఉంది కదా అని దాని నుంచి కారుకు వేయకండి.

వ్యాఖ్యాత: వచ్చే ఎపిసోడ్‌లో బాబాయ్‌తోనే ట్రాక్టర్ ట్రాలీల వెనక లైట్ల గురించి మాట్లాడదాం. మీ బండి జబ్బులు రాసి పంపండి.

బాబాయ్: ఫ్యూజు రంగు కూడా రాయమనమ్మా.