కార్ వాష్ బండిలో నీళ్ల ట్యాంకు: ఎంత పెద్దది కొనాలి, ఎలా బిగించాలి

(తెర మీద: రెండు లీటర్ల సీసా, సగం వరకు నీళ్లు. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి ముందుకు తోసి, టక్కున ఆపుతాం. సీసా ఆగింది. లోపల నీళ్లు మాత్రం ముందు గోడకు కొట్టుకుని, మళ్లీ వెనక్కి వచ్చి కొట్టాయి.)

చూశారుగా. ఇక్కడున్నది లీటరు నీళ్లు. ఇంటి దగ్గరికే వెళ్లి కార్లు కడిగే టాటా ఏస్‌లో నాలుగు వందల లీటర్లుంటాయి, అంటే నాలుగు వందల కిలోలు. స్పీడ్ బ్రేకర్ ముందు బ్రేకు తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో ఖాళీ ఉంటే ఆ నీళ్లూ ఇలాగే కదులుతాయి. నిండు ట్యాంకులో నీళ్లకు కదిలే చోటు ఉండదు, అందుకే సగం ఖాళీ అయిన ట్యాంకే ఎక్కువ ప్రమాదం. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు లెక్క చూద్దాం. ట్యాంకు సైజు దుకాణంలో చూసి ఎంచుకునేది కాదు, బండి ఆర్సీ చూసి తేల్చుకోవాల్సింది. ఆర్సీలో గ్రాస్ వెహికల్ వెయిట్ (సరుకుతో కలిపి ఉండగల గరిష్ఠ బరువు) ఉంటుంది, అన్‌లేడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) ఉంటుంది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే బండి ఎంత మోయగలదో తెలుస్తుంది.

(తెర మీద: పలక మీద సుద్దముక్కతో లెక్క.)

బండి మోసేది 750 కిలోలు అనుకుందాం. ఇద్దరు మనుషులు 140. పెట్రోలు ప్రెషర్ మెషిన్ 35. వాక్యూమ్ క్లీనర్, దానికో చిన్న జనరేటర్ కలిపి 60. గొట్టాలు, షాంపూ డబ్బాలు, బకెట్లు 40. ట్యాంకు, దాని ఇనప ఫ్రేము 55. మొత్తం 330. నీళ్లకు మిగిలింది 420 కిలోలు. కాబట్టి 400 లీటర్ల ట్యాంకు సరిపోతుంది. వెనక బాడీ కట్టించి ఉంటే ఆ బరువు కూడా ఇందులోంచే పోతుంది. 'కాస్త ఎక్కువుంటే మంచిదే కదా' అని 750 లీటర్లది ఎక్కిస్తే కమాన్ పట్టీలు వంగిపోతాయి, బ్రేకు పడాక బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఓవర్‌లోడ్‌తో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కే.

400 లీటర్లు చాలుతాయా? చాలుతాయి. మెషిన్ నిమిషానికి 8 లీటర్లు వదిలితే, ఒక కారుకు ట్రిగ్గర్ నిజంగా నొక్కి ఉంచేది ఐదారు నిమిషాలే. అంటే కారుకు 40 నుంచి 48 లీటర్లు, ఒక ట్యాంకుకు ఎనిమిది కార్లు.

ఇక ట్యాంకు ఆకారం. మేడ మీద పెట్టే నిలువు డ్రమ్ము బండికి పనికిరాదు. అది కదలకుండా కూర్చోవడానికి చేసింది. ఎత్తుగా ఉండటంతో మలుపులో బండిని పక్కకు లాగుతుంది. కుదుపులకు మొదట పగిలేది పైపు బిగించిన చోటే. మనకు కావాల్సింది పొట్టిగా, వెడల్పుగా ఉండే ట్యాంకు. 120 సెంటీమీటర్ల వెడల్పు, 80 పొడవు, 42 ఎత్తు ఉంటే దాదాపు 403 లీటర్లు పడతాయి. చేయించుకుంటే లోపల ప్రతి 40 సెంటీమీటర్లకు ఒక అడ్డుగోడ పెట్టించండి. గోడ అడుగున మూలల్లో నీళ్లకు, పైన గాలికి దారి వదలాలి.

అడ్డుగోడల ట్యాంకుకు డబ్బు సరిపోకపోతే ఇంకో దారుంది: 200 లీటర్ల ట్యాంకులు రెండు. చాలామంది వాటిని అడుగున పైపుతో కలిపేస్తారు. అప్పుడు రెండూ ఒకేసారి సగమై, రెండింట్లోనూ నీళ్లు ఊగుతాయి. దేనికి దానికి విడిగా బాల్ వాల్వ్ పెట్టండి. ఒకటి పూర్తిగా వాడాకే రెండోది తెరవాలి. ఎడమా కుడీ పక్కపక్కన వద్దు, ఒకటి ఖాళీ కాగానే బండి ఒరుగుతుంది. ముందొకటి, వెనకొకటి ఉంచి, వెనకది మొదట ఖాళీ చేయండి.

(తెర మీద: బండి పక్క నుంచి బొమ్మ. వెనక ఇరుసు మీద ఎర్ర గీత.)

బరువు మధ్యభాగం ఈ గీతకు కాస్త ముందుండాలి. గీత దాటి వెనక్కి పోతే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది.

బిగింపు దగ్గర మాత్రం రాజీ పడొద్దు. గట్టిగా బ్రేకు వేస్తే 400 కిలోల నీళ్లు దాదాపు 300 కిలోల బలంతో ముందుకు తోస్తాయి. గుద్దుకుంటే అంతకు ఎన్నో రెట్లు, పైగా ట్యాంకు ముందున్నది మీ వీపే. ప్లాట్‌ఫారం రేకుకు స్క్రూలు కొడితే రేకు చిరిగి వచ్చేస్తుంది. 50 ఎంఎం ఎల్ యాంగిల్‌తో నాలుగు పక్కలా, పైనా పట్టే పంజరం చేయించి, యు బోల్టులతో కింద ఛాసిస్‌కు (బండి అడుగున ఉండే అసలు ఫ్రేముకు) కట్టించండి. ఛాసిస్‌కు రంధ్రాలు పొడవద్దు, వెల్డింగూ వద్దు. రేకులోంచి బోల్టు పోనివ్వక తప్పకపోతే 12 ఎంఎం బోల్టు, కింద అరచేతంత ఇనప ప్లేటు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకు వదులు కానిది) వాడండి. ట్యాంకు అడుగున రబ్బరు షీటు పరవండి. ఒక్క చిన్న రాయి ఇరుక్కున్నా నెల తిరిగేసరికి అడుగు అరిగిపోతుంది.

(తెర మీద: దగ్గర నుంచి, మూత బిగించిన ట్యాంకు. పంపు ఆన్ చేయగానే పక్క గోడ మెల్లగా లోపలికి వంగుతోంది.)

ఇది గాలి పైపు లేని ట్యాంకు. నీళ్లు బయటికి వచ్చినంత గాలి లోపలికి వెళ్లాలి. ట్యాంకు పైన అరంగుళం పైపు పెట్టి, పైకి తీసుకెళ్లి, చివర కిందకు వంచి, జాలీ కట్టండి. ఎగిసిన నీళ్లు చిందవు, దోమలు దూరవు.

నీళ్లు తీసే పైపు అడుగుకు అంగుళం పైన ఉంటే మడ్డి పంపులోకి రాదు. దాని వరస ఇది: బాల్ వాల్వ్, ఫిల్టరు, తర్వాత గోడలో ఇనప తీగ చుట్టున్న మెత్తటి గొట్టం, పంపు. గట్టి పీవీసీ పైపు నేరుగా వేస్తే మెషిన్ అదురుకు ట్యాంకు నిపుల్ దగ్గర చీలుతుంది. స్ప్రే ఆగి ఆగి కొడుతుంటే, పంపు గరగరమంటుంటే, ముందు ఫిల్టరు చూడండి. అది శుభ్రంగా ఉంటే ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు. తడి గుడ్డ ఒక్కో జాయింటుకు చుట్టి చూడండి, ఏ జాయింటు దగ్గర స్ప్రే సర్దుకుంటే లోపం అక్కడే. హోస్ క్లిప్ బిగించండి, లేదా టెఫ్లాన్ టేపు కొత్తగా చుట్టండి.

బోరు నీళ్లతో కడిగితే నల్ల కారు మీద తెల్ల మచ్చలు మిగులుతాయి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూడండి. 500 పీపీఎం దాటితే, ఆఖరి కడుగుడుకు ఆర్వో నీళ్లు 50 లీటర్లు విడి డబ్బాలో పెట్టుకోండి. ఆ 50 కిలోలు పెద్ద ట్యాంకు లెక్కలోంచి తగ్గించాలి.

అన్నీ బిగించాక ట్యాంకు నింపి రాత్రంతా వదిలేయండి. తెల్లారి కింద తడి లేకపోతే కాటా మీద తూకం వేయించండి. ప్రతి నట్టు మీద, పక్క ఫ్రేము మీద కలిపి ఒక తెల్ల గీత గీసి వంద కిలోమీటర్లు తిప్పండి. గీత విరిగిన చోట నట్టు వదులైనట్టే.

ఎండ తగిలే తెల్ల ట్యాంకులో పాచి పడుతుంది, అందుకే నల్లది మేలు. పాచి పడితే 400 లీటర్ల నీళ్లకు ఐదు శాతం బ్లీచింగ్ ద్రావణం 400 మిల్లీలీటర్లు కలిపి, గంట ఉంచి, అడుగు వాల్వ్ నుంచి పూర్తిగా వదిలేయండి. స్టీలు ట్యాంకైతే గంట దాటనివ్వకండి. క్లోరిన్ స్టీలును చిన్న చిన్న గుంటలుగా తినేస్తుంది. వదిలాక మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి.