మంచు తుపానులో కరెంటు పోతే

అందరికీ నమస్కారం.

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. చలికి గ్యాస్ బావుల దగ్గర పరికరాలు గడ్డకట్టాయి. గ్యాస్ అందక విద్యుత్ కేంద్రాలు ఆగాయి. కరెంటు కోత పెడితే, గ్యాస్‌ను ముందుకు తోసే కంప్రెసర్లలో కొన్నిటికి కూడా సరఫరా పోయింది. ఇలా ఒకటి పడి ఇంకోదాన్ని పడేసింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపార సంస్థలకు కరెంటు లేదు. నీళ్ల పైపుల్లో ఒత్తిడి పడిపోయి, కోటి మందికి పైగా నీళ్లు మరిగించి తాగాల్సి వచ్చింది. ప్రభుత్వ లెక్కలో 246 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసింది చలే.

ఇంట్లో ముందు దెబ్బతినేది నీటి పైపు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. అయితే పైపు తరచుగా పగిలేది మంచు ఉన్నచోట కాదు. మంచు బిరడాకీ, మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటికి పోయే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, బలహీనమైన అతుకు దగ్గర చీలుతుంది. అందుకే కుళాయిని సన్నటి ధారగా వదలమంటాం. సింకు కింద అల్మారా తలుపులు తీసి పెడితే గదిలో వెచ్చదనం పైపుకు తగులుతుంది. పగులు బయటపడేది మంచు కరిగాకే. కాబట్టి ఇంటికి నీళ్లు ఆపేసే మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ ఇవాళే చూపించండి.

జనరేటర్‌ను గరాజులో పెట్టకండి, తలుపు తెరిచి ఉంచినా సరే. కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టాలి. బొగ్గుల కుంపటి కూడా ఇంట్లోకి తేవద్దు. వీటి పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వాంతి, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అవీ తెలియవు. ఈ వాయువును పసిగట్టే, బ్యాటరీతో నడిచే అలారం ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల తలుపు తట్టండి, ఫోన్‌తో సరిపెట్టకండి. మాట తడబడటం, తికమకపడటం ప్రమాద సూచనలు. ఒళ్లు చల్లగానే ఉండి వణుకు ఆగిపోయిందంటే కుదుటపడ్డారనుకోవద్దు, పరిస్థితి ముదిరిందని అర్థం. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పడిపోతే అది అత్యవసరమే. వెంటనే అంబులెన్సును పిలవండి. ఈలోగా తడి బట్టలు మార్చి, ముందు ఛాతీ, మెడ వెచ్చబెట్టండి. చేతులూ కాళ్లూ రుద్దకండి.