టేబుల్ సా కి చక్రాలు వేసే ముందు (ఒంగోల్లో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినపడతా ఉందా? సరే. మేస్త్రీలు చాలామంది వచ్చారు, మీ ముందు కొయ్యపని గురించి మాట్లాడాలంటే కొంచెం బెరుగ్గానే ఉంది గానీ ఇవాళ నేను చెప్పేది కొయ్య కోయడం గురించి కాదు, కోసే మిషన్ కింద ఏం పెట్టాలా అని. ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నోళ్ళు టేబుల్ సా కి, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకొచ్చే కోత మిషన్‌కి, మొబైల్ బేస్, అంటే చక్రాలున్న కింది ఫ్రేమ్, ఎట్టా కట్టుకోవాలి, అదీ మన ఇళ్ళకీ మన నేలకీ మన వానకీ సరిపోయేట్టు.

అసలు కదిలించాల్సిన అవసరం ఏంది అంటారేమో. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటుని నిలువునా చీల్చాలంటే బ్లేడుకి ముందర ఎనిమిది అడుగులు, వెనక ఎనిమిది అడుగులు ఖాళీ కావాలి. మనకుండేది కారు షెడ్డో, మెట్ల కింద జాగానో, మేడ మీద రేకుల గదో. బండి బయట పెడితేనే మిషన్ మధ్యలోకి వస్తది, రాత్రికి మళ్ళీ గోడ వారకి పోవాల. పొడుగు చెక్క వచ్చినప్పుడు మిషన్ని ఐమూలగా తిప్పి గుమ్మానికి ఎదురు పెట్టామనుకోండి, చెక్క అట్టే గుమ్మంలోంచి వరండాలోకి పోతది, పది బై పన్నెండు గదిలో కూడా పని జరుగుద్ది.

అందుకని చాలామంది ఏం చేస్తారంటే బజారుకి పోయి నాలుగు చక్రాలు తెచ్చి నాలుగు కాళ్ళ కింద బిగించేస్తారు. నాకు అక్కడే అభ్యంతరం. మిషన్ కదలడం రోజుకి రెండు నిమిషాల పని, కదలకుండా నిలబడాల్సింది మిగతా టైమంతా. ఎండిన టేకు దూలాన్ని బ్లేడు మీదికి నెడతా ఉంటే ఆ తోపు మొత్తం బేస్ మీదే పడుద్ది. చక్రానికి బ్రేకు ఉంది కదా అంటారు, మామూలు బ్రేకు చక్రం తిరక్కుండా ఆపుద్ది గానీ చక్రాన్ని పట్టుకునే పైన ఫోర్కు పక్కకి తిరగడాన్ని ఆపదు, మిషన్ అటూ ఇటూ ఊగులాడతానే ఉంటది. చెయ్యి బ్లేడుకి జానెడు దూరంలో ఉన్నప్పుడు బల్ల అంగుళం జరిగిందంటే ఇంక చెప్పేదేముంది. పైగా చెక్కని ఆనించి నెట్టే పక్క పట్టీ, అదే ఫెన్స్, దానికీ బ్లేడుకీ మధ్య చెక్క బిగుసుకుంటే ఎదురు తంతది, మన పొట్ట మీదికే వస్తది. కాబట్టి కోసేటప్పుడు మిషన్ బరువు కాళ్ళ మీద ఉండాల, చక్రాల మీద కాదు.

ఇంక నేల సంగతి. మన షెడ్లలో నీళ్ళు పోవడానికి వాటం ఇస్తారు, కడప బండలైతే జాయింట్ల దగ్గర ఎగుడుదిగుడు. టిఫిన్ హోటల్లో టేబుల్ కాలికింద అట్టముక్క మడిచి పెడతారే, అట్టానే నాలుగు చక్రాల్లో ఒకటి ఎప్పుడూ గాల్లో ఉంటది. అందుకే చక్రాలు కొనేటప్పుడు బరువుని నాలుగుతో కాదు, మూడుతో భాగించండి. మిషన్ 90 కేజీలు, బేస్ 15, పైన పెట్టే చెక్క 15, మొత్తం 120 అనుకుంటే చక్రానికి 40 కేజీలు, అంటే కనీసం 50 మోసేవి తీసుకోండి. రబ్బరు చక్రాలు నెలల తరబడి ఒకేచోట ఉంటే అడుగున చదునైపోతాయి, నైలాన్ గ్రానైట్ నేల మీద గోల చేస్తాయి, పీయూ, అంటే పాలీయురేతేన్ చక్రాలు మేలు. మూడంగుళాలకి తగ్గితే బండల సందులో, పొట్టులో ఇరుక్కుంటాయి.

ఫ్రేమ్‌కి ఒకటిన్నర అంగుళం స్క్వేర్ పైపు చాలు. వెల్డింగ్ షాపులో ముందు చుక్కలు మాత్రమే పెట్టించి ఐమూలలు కొలవండి. 600 బై 500 ఎం.ఎం. ఫ్రేమ్ అయితే రెండు వైపులా 781 ఎం.ఎం. రావాల. తేడా ఉంటే సుత్తితో సరిచేసుకోవచ్చు, పూర్తిగా అతికించాక ఎవరూ ఏం చెయ్యలేరు. చక్రాలు ఫ్రేమ్ కింద పెట్టొద్దు, మూడంగుళాల చక్రం బ్రాకెట్‌తో కలిపి దాదాపు నాలుగంగుళాలు లేపుద్ది, అప్పుడు బల్ల ఛాతీ దాకా వస్తది. ఫ్రేమ్‌కి బయట, పక్కకి పొడుచుకొచ్చే రెక్కలకి బిగించండి.

ఇప్పుడు అసలు ఉపాయం. ఒక వైపు రెండు ఫిక్స్‌డ్ చక్రాలు, అంటే పక్కకి తిరగనివి, కాళ్ళకంటే కొంచెం బయటికి, నేలకి వెంట్రుకవాసి పైన. రెండో వైపు తిరిగే చక్రాలు రెండూ ఒక గట్టి పలక కింద, ఆ పలకని మడతబందులతో ఫ్రేమ్‌కి కట్టాలి. కాలితో పలకని తొక్కితే చక్రాలు నేలని తంతాయి, ఆ వైపు మిషన్ అరంగుళం లేస్తది, అవతలి చక్రాలు కూడా నేలని పట్టుకుంటాయి. పలక పైన ఇంకో చెక్కముక్క మడతబందుకి వేలాడతా ఉంటది, పలక కిందికి పోగానే అది టక్కున దాని నెత్తిన నిలబడి మళ్ళీ లేవనీయదు. ఆ ముక్కని బూటు కొసతో పక్కకి తంతే మిషన్ దబ్బుమని కాళ్ళ మీద కూర్చుంటది. ఇది కొత్తగా నేను కనిపెట్టిందేం కాదు, ఇంట్లో వర్క్‌షాపు ఉన్న దేశదేశాల వాళ్ళు ఏదో ఒక రూపంలో చేసుకునేదే.

కాళ్ళకి ఎం12, అంటే 12 ఎం.ఎం. బోల్టులు, పైన అవి వదులు కాకుండా బిగించే చెక్‌నట్. ఒక చుట్టుకి 1.75 ఎం.ఎం. లేస్తది, కాబట్టి రసమట్టం పెట్టి పానాతో అర చుట్టు, పావు చుట్టు తిప్పుకుంటా పోవచ్చు.

చిన్న మిషన్లు, పాతిక ముప్ఫై కేజీలవి, తేలికగా ఉండి పైబరువుకి ఒరుగుతాయి. మనకి చీమకుర్తి పక్కనే ఉంది, గెలాక్సీ గ్రానైట్ ముక్కలకి కరువా! 20 ఎం.ఎం. మందంలో చదరపు అడుగు ముక్క ఐదు కేజీల పైనే తూగుద్ది, ఫ్రేమ్ అడుగున నాలుగు ముక్కలు పరిస్తే బరువంతా కిందికి దిగుద్ది. మధ్యలో పొట్టు రాలడానికి ఖాళీ వదలండి, లేకపోతే మోటారు కింద కుప్పపడిపోద్ది.

తుప్పు గురించి ఒక్క మాట. సముద్రపు గాలి, పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. రెడ్ ఆక్సైడ్ కొట్టకుండా పైన రంగు వెయ్యొద్దు, పైపుల చివర్లు మూయించండి. ప్లైవుడ్ వాడితే అంచులకి కూడా రంగు పట్టించండి, షెడ్డులోకి నీళ్ళొస్తే ముందు తాగేది ఆ అంచులే. కాస్ట్ ఐరన్ బల్లకి మైనం రుద్దండి.

జరిపేటప్పుడు ప్లగ్గు పీకి, బ్లేడు కిందికి దించి, ఫ్రేమ్ పట్టుకుని నెట్టండి, ఫెన్స్ పట్టాలు పట్టుకుని లాగితే ఫెన్స్ వంకర పోద్ది.

బయట ఒక ఫ్రేమ్ పెట్టించాను, పైన ఇసక మూటలు వేసి ఉంది. టీ తాగి వచ్చి ఆ పలక తొక్కి చూడండి, అడగాల్సినవి అక్కడే అడగండి. చెప్పులు విడిచి మాత్రం తొక్కబాకండి.