ప్రతిపక్ష నాయకుడు గెలుపుకు అర్హుడేనా?
(అనంతపురంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, కాలేజీ పిల్లలకు నమస్కారం.

నలుగురు కూర్చున్న ప్రతిచోటా ఒకటే చర్చ: "ఈసారి ప్రతిపక్ష నాయకుడు గెలుస్తాడా?" టీ అంగడి దగ్గరా అదే, ఆర్టీసీ బస్సులోనూ అదే. గెలుస్తాడా లేదా అనేది జోస్యం. దాని జోలికి నేను పోను. గెలవడానికి అర్హత సంపాదించుకున్నాడా అనేది మాత్రం మనం తేల్చాల్సిన విషయం.

మన ఉమ్మడి జిల్లా లెక్కే చూడండి. మొత్తం 14 సీట్లు. 2014లో తెలుగుదేశానికి 12, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2. 2019లో సరిగ్గా తారుమారు. 2024లో 14కు 14 తెలుగుదేశం-జనసేన-బీజేపీ కూటమికే. మనం ఎవరి జేబులోనూ లేమని గట్టిగానే చెప్పినాం. కానీ ఈ గెలుపుల్లో ప్రతిపక్ష నాయకుడి పనితనం ఎంత, గద్దె మీద ఉన్నవాళ్ల మీద మన కోపం ఎంత? నన్నడిగితే కోపం పాలే ఎక్కువ. అందుకే గెలిచిన ప్రతివాడూ అర్హుడని నేను ఒప్పుకోను.

పాదయాత్ర చేస్తే గెలుపు ఖాయమనే నమ్మకం కూడా మనలో పాతుకుపోయింది. 2003లో రాజశేఖరరెడ్డి గారు చేవెళ్ల నుంచి నడిచినారు. 2012లో చంద్రబాబు గారు మన హిందూపురం నుంచే మొదలుపెట్టినారు. 2017లో జగన్ గారు ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురం దాకా పోయినారు. ముగ్గురూ తర్వాతి ఎన్నికల్లో ముఖ్యమంత్రులైనారు. ఆ నడకను నేను తక్కువ చేయను. ఎండలో ఊరూరా తిరిగితే తెలిసే కష్టం ఫైళ్లలో కనిపించదు. అయితే ఆ విన్న కష్టాన్ని తీసుకుపోయి ఎక్కడ మాట్లాడినారు?

2019లో ఓడిన తెలుగుదేశానికి నూటికి సుమారు 39 ఓట్లు వచ్చినాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ సుమారు 39 ఓట్లే, సీట్లు 11. సీట్లు పోయినా, ఆ ఓట్లు వేసిన జనం ఎక్కడికీ పోలేదు. వాళ్ల గొంతు సభలో వినిపించడమే ప్రతిపక్ష నాయకుడి ఉద్యోగం. మరి జరిగిందేమి? ఫిరాయింపుల మీద చర్య లేదని 2017లో వైఎస్సార్ కాంగ్రెస్ సభను బహిష్కరించింది. తన కుటుంబాన్ని అవమానించినారని 2021లో చంద్రబాబు గారు, ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని సభ నుంచి వెళ్లిపోయినారు. 2024 తర్వాత ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని జగన్ గారు సభకు చాలావరకు దూరంగా ఉన్నారు. వీటి వెనుక బాధ నిజమే కావచ్చు. కానీ 2017లో, 2021లో బహిష్కరించిన ఇద్దరూ ఆ తర్వాత గెలిచినారు కాబట్టి అదే దారి అనుకుంటే మనకు నష్టం.

సభలో ఉంటే ఏం చేయొచ్చో మన జిల్లాలోనే చూసినాం. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ ఇచ్చే నివేదికలను పరిశీలించేది ప్రజాపద్దుల కమిటీ. దాని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2019 తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఉరవకొండ ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్ గారు. 2021లో 41 వేల కోట్ల రూపాయల లెక్కలు సరిగా లేవని ఆయన గవర్నరును కలిసినారు. ప్రభుత్వం కాదన్నది, వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అంటే పార్టీకి 23 మందే ఉన్నా, ఒక్క మనిషి కాగితాలు చదివి ప్రశ్నిస్తే సర్కారు జవాబు చెప్పింది. 2024లో ఆ పదవి కూటమిలోని జనసేన సభ్యుడికి పోయింది. వైఎస్సార్ కాంగ్రెస్ ఆ ఎన్నికను బహిష్కరించింది. ఆనవాయితీని పక్కనపెట్టిన పాలకపక్షాన్ని కూడా నేను తప్పుపడతాను.

కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారిని ఈ ఊరు మరిచిపోకూడదు. 1952లో ఇక్కడే నీలం సంజీవరెడ్డి గారిని ఓడించి మద్రాసు శాసనసభకు పోయినాడు. ఆ సభల వల్ల పేదలకు ఒరిగేదేమీ లేదని తేల్చుకున్నాక, 1969లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు రాజీనామా చేసి బయటికి వచ్చినాడు. ఆయన రాజకీయంతో మీరు ఏకీభవించకపోవచ్చు, నాకూ పేచీలున్నాయి. కానీ సీటు ఉంచుకొని సభను వదిలేయలేదు. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే ఆ సీటు ఖాళీ అయిందని ప్రకటించే అధికారం రాజ్యాంగం సభకే ఇచ్చింది. రావడం సభ్యుడి ఇష్టానికి వదిలేసిన సంగతి కాదది.

రేపు ఏ పార్టీ నాయకుడు మన ఊరికి వచ్చినా దండ వేయండి, మర్యాద చేయండి. ఆ తర్వాత అడగండి: అయ్యా, హంద్రీ-నీవా నీళ్లు మా చెరువులకు ఎప్పుడొస్తాయని సభలో ఎన్నిసార్లు అడిగినావు? మా వేరుశనగ బీమా సొమ్ము గురించి ఏ మంత్రిని నిలదీసినావు, ఆ మంత్రి ఏం జవాబు చెప్పినాడు? సభలో అడిగిన ప్రతి ప్రశ్నా రికార్డులో ఉంటుంది. ఆ కాగితాలు తెచ్చి ఇదే వేదిక మీద చదవమనండి.