మూడు తాళాల వాలెట్: ఒక తాళంచెవి పోతే?

[తెర మీద: ఇంటి అరుగు, దాని మీద స్టీల్ డబ్బా, పక్కన మూడు కవర్లు]

నమస్కారం అండి. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. మాది ఒడిశానే గానీ నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. క్రిప్టో కొనాలా వద్దా అనేది ఈ వీడియోలో చెప్పను. ఇద్దరు ముగ్గురు కలిసి ఇప్పటికే కొనుక్కున్నవాళ్ళు ఆ ఉమ్మడి సొమ్మును ఎలా కాపాడుకోవాలో చెబుతాను.

ముందు పూరీ వెళ్దాం. జగన్నాథస్వామి రత్న భాండాగారం సంగతి మన వైపు తెలియనివాళ్ళు ఉండరు. బయటి గదికి మూడు తాళంచెవులు. ఒకటి గజపతి మహారాజు దగ్గర, ఒకటి ఆలయ అధికారుల దగ్గర, ఒకటి భండార్ మేకాప్ సేవకుల దగ్గర ఉంటాయి. ఏ ఒక్కరూ సొంతంగా తెరవలేరు. మల్టీసిగ్ వాలెట్‌ది కూడా ఇదే పద్ధతి. డబ్బు కదలాలంటే ఇంతమంది సంతకం, అంటే ఎవరి రహస్య కీతో వాళ్ళు ఇచ్చే డిజిటల్ ఆమోదం, పెట్టాలని ముందే రాసి పెట్టేస్తాం. ఒక్కరి ఫోన్ దొంగల చేతికి చిక్కినా, ఒక్కరి బుద్ధి మారినా సొమ్ము కదలదు.

ఆ కథలో ఇంకో సగం ఉంది. లోపలి గది తాళంచెవి కనబడటం లేదని 2018లో బయటపడింది. 2024 జూలై 14న గది తెరవబోతే, దగ్గరున్న తాళంచెవులు పట్టలేదు. మెజిస్ట్రేట్ సమక్షంలో తాళాలు కోసి తెరిచారు. పూరీలో కోయడానికి తాళం ఉంది. క్రిప్టో లెక్కలన్నీ ఉండే బ్లాక్‌చెయిన్‌లో కోయడానికి ఏమీ లేదండి. సరిపడా సంతకాలు లేకపోతే ఆ డబ్బు కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంటుంది, చేతికి మాత్రం రాదు. అందుకే ముగ్గురుంటే ముగ్గురి సంతకమూ కావాలని ఎప్పుడూ పెట్టకండి. ముగ్గురిలో ఇద్దరు, ఐదుగురిలో ముగ్గురు, అలా పెట్టుకోండి.

[తెర మీద: మూడు ఊళ్ళ పేర్లు: పర్లాకిమిడి, బరంపురం, హైదరాబాద్]

మేమూ ముగ్గురమే. నేను ఇక్కడ, మా బావ బరంపురంలో, పిన్ని కొడుకు హైదరాబాద్‌లో. మాది బిట్‌కాయిన్ వాలెట్, ఎలక్ట్రమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసుకున్నాం. ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితే చాలు. ఒకరు లావాదేవీ తయారు చేసి తన సంతకం పెట్టి, ఆ సగం అయిన ఫైల్‌ను రెండోవారికి పంపుతారు. ఆ ఫైల్ దారిలో ఎవరి కంటపడినా భయం లేదు. డబ్బు ఎవరికి, ఎంత వెళ్ళాలన్నది అందులో మారిస్తే మొదటి సంతకం చెల్లదు. రెండోవారు చూసుకుని సంతకం పెట్టి నెట్‌వర్క్‌లోకి వదులుతారు.

ఒక దీపావళికి బావ మా ఇంటికొచ్చాడు. హైదరాబాద్ తమ్ముడు ఫోన్‌కి దొరకని పరిస్థితి వస్తే మేమిద్దరం వాలెట్‌ను మళ్ళీ తెరవగలమా లేదా అని పరీక్షించి చూద్దామనుకున్నాం. ఇదే అరుగు మీద కొత్త లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. నా 12 పదాలు, అంటే వాలెట్‌ను మళ్ళీ తెరిచే సీడ్ ఫ్రేజు, కొట్టాను. బావ తన 12 పదాలు కొట్టాడు. అయిపోయిందనుకుంటే ఎలక్ట్రమ్ అక్కడే ఆగింది. మూడో మనిషి కీ ఇవ్వండి అంటోంది.

“ఇద్దరుంటే చాలన్నావు కదరా!” అన్నాడు బావ.

నాకు చెమటలు పట్టాయి. కారణం తర్వాత అర్థమైంది. బిట్‌కాయిన్ మల్టీసిగ్ అడ్రస్, అంటే డబ్బు వచ్చి చేరే ఖాతా నంబరు లాంటిది, ముగ్గురి పబ్లిక్ కీలనూ (సంతకం ఆ మనిషిదేనా అని సరిచూసే కీలు) కలిపి తయారవుతుంది. ఖర్చు పెట్టేటప్పుడు సంతకాలు రెండు చాలు, కానీ పబ్లిక్ కీలు మూడూ చూపించి తీరాలి. అంటే రెండు సీడ్ ఫ్రేజులు భద్రంగా ఉన్నా, మూడోవారి మాస్టర్ పబ్లిక్ కీ (వాళ్ళ పబ్లిక్ కీలన్నీ పుట్టే కీ) ఎక్కడా రాసి పెట్టుకోకపోతే డబ్బు పోయినట్టే. ఆ రాత్రి తమ్ముడు ఫోన్ ఎత్తాడు, తన లాప్‌టాప్‌లోంచి ఆ కీ తీసి పంపాడు, బతికిపోయాం. మల్టీసిగ్ గురించి చెప్పే చాలామంది ఈ ఒక్క విషయాన్ని వదిలేస్తారు, నాకు అదే బాధ.

[తెర మీద: కవర్ తెరిచి కాగితం చూపించాలి, అక్షరాలు మసకగా]

ఇప్పుడు ముగ్గురి కవర్లలోనూ ఎవరి 12 పదాలు వాళ్ళవి, వాటితో పాటు ముగ్గురి మాస్టర్ పబ్లిక్ కీలు ఉంటాయి. ఈ కీ వందకు పైగా అక్షరాలు, చేత్తో రాస్తే తప్పులొస్తాయి, ప్రింట్ తీయండి. దాంతో ఎవరూ డబ్బు తీయలేరు గానీ మీ లెక్కంతా చూడగలరు, కాబట్టి అందరికీ పంచిపెట్టకండి. కవర్లు మూడూ ఒకే బీరువాలో పెట్టకండి.

బిట్‌కాయిన్ కాకుండా ఇథీరియమ్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్ మీద సేఫ్ లాంటి వాలెట్ వాడేవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు. యజమానుల జాబితా బ్లాక్‌చెయిన్‌లోనే ఉంటుంది. ఒకరి కీ పోతే, నియమం ప్రకారం సరిపడా మంది అప్రూవ్ చేసి ఆయన స్థానంలో కొత్త కీ పెట్టేయొచ్చు. పోయిన రోజే ఆ పని చేయండి. ముగ్గురిలో ఇద్దరు అన్న పద్ధతిలో రెండోది కూడా పోతే ఇక దారి ఉండదు.

ఇంతవరకూ తాళంచెవి పోవడం గురించి చెప్పాను. తాళంచెవులన్నీ ఉండి కూడా సొమ్ము పోయిన సంగతి వినండి. 2024 జూలై 18న వజీరెక్స్ అనే మన దేశపు క్రిప్టో ఎక్స్‌ఛేంజ్ మల్టీసిగ్ వాలెట్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల సొమ్ము పోయింది. దానికి ఆరుగురు సంతకందారులు, నాలుగు సంతకాలు అవసరం. తెర మీద కనిపించింది ఒకటి, సంతకం అయింది ఇంకొకటి అని ఆ కంపెనీ చెప్పింది. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే మరో ఎక్స్‌ఛేంజ్‌లో దాదాపు 150 కోట్ల డాలర్లు పోయాయి. అక్కడా సంతకాలు పెట్టింది సొంత మనుషులే. వాళ్ళు చూస్తున్న వెబ్ పేజీలోకి దొంగలు ముందే తమ కోడ్ ఎక్కించారు.

కాబట్టి రెండో సంతకం పెట్టేవారు మొదటివారు పెట్టారు కదా అని బటన్ నొక్కేయకూడదు. మేం ఫోన్ చేసుకుని డబ్బు వెళ్ళే అడ్రస్ చదువుకుంటాం. వాట్సాప్‌లో వచ్చినదాన్ని నమ్మం.

“బావా, తొమ్మిదో అక్షరం టీనా, డీనా?”

“డీ. ఢిల్లీ డీ.”

మొదటి నాలుగు, చివరి నాలుగు చూస్తే సరిపోదు. మొదలూ చివరా కలిసేలా దొంగ అడ్రసులు తయారు చేసేవాళ్ళున్నారు. మధ్యలోవి కూడా చదవండి. చదివేది హార్డ్‌వేర్ వాలెట్ (కీలు దాచి సంతకం పెట్టే చిన్న పరికరం) చిన్న తెర మీదిదై ఉండాలి, లాప్‌టాప్‌ది కాదు. మూడు నిమిషాలు పడుతుంది. అవతలివాళ్ళు తొందరపెడితే ఆ రోజుకి ఆపేయండి.

పన్ను మాట కూడా చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం కట్టాలి. వాలెట్ ఉమ్మడిదైనా ఎవరి వాటా ఎంతో వాలెట్‌కు తెలియదు. మొదటి రోజే కాగితం మీద రాసుకుని ముగ్గురూ సంతకాలు పెట్టండి. మనలో మనకు లెక్కలేంటని ఊరుకుంటే తర్వాత బంధుత్వాలు చెడతాయి.

[తెర మీద: స్టీల్ డబ్బా మూత తెరుచుకుంటుంది]

ఏటా దీపావళికి ముగ్గురం ఇక్కడే కలుస్తాం. వంద రూపాయల విలువైన బిట్‌కాయిన్‌ను ఉమ్మడి వాలెట్ నుంచి బయటికి పంపి, మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటాం. ఆ తర్వాత కవర్లు విప్పి కాగితాలు చూసుకుంటాం. పోయినసారి నా కాగితానికి వానాకాలం చెమ్మ తగిలి, ఏడో పదం సగం చెరిగిపోయింది. బావ లోపలికెళ్ళి పెన్ను తెచ్చాడు, అప్పటికప్పుడు కొత్త కాగితం మీద 12 పదాలూ రాసుకుని, ఈసారి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.